మహాప్రాణాలకు వచ్చిన ముప్పు



కీర్తిశేషుడైన నా మిత్రుడొకడు నోటుపుస్తకంలో వ్రాసి పెట్టుకొన్న శతకాన్ని అతని కుమారుడు ఓపికగా కంప్యూటరులోకి ఎక్కించి, ముద్రణకు ముందు ఒకసారి తప్పులు చూసిపెట్టమని నాకు పంపాడు. ఆ పని మొదట్లోనే నేను చేసిన ఒక అపరాధాన్ని గురించి ఈ టపా.

లాప్‌టాపు తెరపై ఒత్తులను పోల్చుకోవడం నా వయసు కళ్లకు శిక్షే. అటకమీది పాత ఎల్‌సీడీ మానిటరు గుర్తుకు వచ్చింది. పదిహేడంగుళాలది, 2007లో సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నాను. యూనికోడు తెలుగు నేర్చుకొన్నదీ, పోతన ఖతిలో నా పేరు చూసుకొని మురిసిందీ దాని మీదనే. ఇప్పటి తెరల వలె అడ్డంగా సాగక, పుస్తకపు పుట వలె కాస్త ఎత్తుగా నిలబడుతుంది. పద్యాలకు అంతకంటె ఏం కావాలి?

చిక్కల్లా దాని తోకతో వచ్చింది. అది వీజీఏ; 1987లో ఐబీఎం వారు తెచ్చిన పద్ధతి. మూడు వరుసలలో పదిహేను సూదుల స్థానాలు. నా లాప్‌టాపుకు ఉన్నదేమో హెచ్‌డీఎంఐ. మొదటిదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విద్యుత్తు హెచ్చుతగ్గులుగా ప్రవహిస్తాయి, రెండవదానిలో అంకెలుగా. అందుచేత వీటి నడుమ ఉత్త తీగ పనికిరాదు, లోపల చిప్పు గల అడాప్టరు కావాలి. ఇద్దరి భాషా తెలిసిన దుబాసీ అన్నమాట. ఉప్పల్ చౌరస్తాలో ఒక దుకాణంలో కొని, నాచారం వచ్చి తగిలించాను.

తెర నల్లగానే ఉంది. విండోస్ మీటతో పాటు ‘పి’ మీట నొక్కి, రెండవ తెర మాత్రమే చాలునని ఎంచాక బొమ్మ వచ్చింది. అక్షరాలు పెద్దవే కాని కొంచెం అలుక్కుపోయినట్టున్నాయి. కళ్లజోడు తుడుచుకొని పనిలోకి దిగాను.

నలభై పద్యాలు ముగిసేసరికి ఇరవై మూడు తప్పులు తేలాయి. ‘స్వచ్ఛ’ అని ఉండవలసినచోట ‘స్వచ్చ’, ‘సిద్ధి’ ఉండవలసినచోట ‘సిద్ది’. అవి టైపు దోషాలనుకొన్నాను. కాని ఒక పద్యంలో ప్రాసస్థానాన మూడు పాదాలలో ‘ద్ధ’ ఉండి, నాల్గవ పాదంలో ‘ద్ద’ కనబడింది. బ్రతికినన్నాళ్లూ ప్రాస విషయంలో నన్ను నిలదీసినవాడు, చివరి రోజులలో తానే జారాడు కాబోలుననుకొన్నాను. మనసులో ఏ మూలనో రవంత సంతోషం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. ‘మీ నాన్నగారు ఇక్కడ పొరబడ్డారు’ అని వ్రాసి, ఆ పాదానికి బదులుగా నేనొకటి కట్టి మరీ పంపాను.

సాయంత్రం అబ్బాయి ఫోను చేశాడు. “మాస్టారూ, మీరు చెప్పిన తప్పులు చాలావరకు నాకు కనబడటం లేదండీ. నాలుగో పాదంలో ‘ద్ధ’యే ఉంది. నాన్నగారి నోటుబుక్కులోనూ అంతేనండీ.”

లాప్‌టాపు తెర మీద పెద్దది చేసి చూశాను. ఉన్నది ‘ద్ధ’యే.

అప్పుడు గాని డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి చూడలేదు. తెర కొలత 1024×768 అని ఉంది. ఈ మానిటరుకు సహజమైనది 1280×1024. అంటే మూడు వరుసల చుక్కలను నాలుగు వరుసలకు సర్దాలి. అలా సర్దేటప్పుడు ఒకచోట దిట్టంగా నిలిచిన గీత మరొకచోట పలచబడుతుంది. ‘ధ’ అడుగున ఉండే ఆ చిన్న గీటు మూడు పాదాలలో నిలిచి నాల్గవదానిలో కరగిపోయింది అందువల్లనే. మహాప్రాణాలకే ప్రాణం పోయింది!

సరిదిద్దుదామంటే 1280×1024 జాబితాలోనే లేదు. మానిటరు తన కొలతలను కంప్యూటరుకు తానే చెప్పుకొంటుంది. ఆ కబురు వీజీఏ కేబులులోని 12, 15 సంఖ్యల సూదుల ద్వారా వెళుతుంది. కబురు అందకపోతే, ఎందుకైనా మంచిదని ఏదో ఒక చిన్న కొలతతో సరిపెడతారు. రెండింటినీ ఆపి, కేబులు ఊడదీసి, భూతద్దం పట్టాను. తొమ్మిదవ సూది అసలే లేదు. గుండె గుభేలుమంది గాని, చాలా కేబుళ్లకు అది ఉండదట, దోషం కాదు. మూడవ వరుసలో రెండవది, అనగా పన్నెండవది, పక్కకు ఒరిగిపోయి ఉంది. అటక ఎక్కించేటప్పుడో దింపేటప్పుడో నా చేతిలోనే వంగి ఉంటుంది. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిలు కొనను దానికి తొడిగి మెల్లగా నిలబెట్టాను. విరిగితే కొత్త కేబులు కొనుక్కోవలసినదే.

మళ్లీ తగిలించి మరలు బిగించాను. తెర ఒకసారి ఆరి వెలిగింది. 1280×1024 దానంతట అదే వచ్చి కూర్చుంది.

నేను పట్టిన ఇరవై మూడింటిలో నిజమైన తప్పులు నాలుగే. అబ్బాయికి ఫోను చేసి క్షమించమన్నాను. నేను కట్టి పంపిన పాదాన్ని కొట్టివేయమని కూడా చెప్పాను.

“అప్పుడే కొట్టేశానండీ” అన్నాడు.