రాసి పంపేవారికి

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల పశువైద్యులు కొందరు కలిసి తమ వృత్తి అనుభవాలతో ఏటా ఒక సంచిక వెలువరించాలని తలపెట్టారు. వారిలో ఒకడైన నా మిత్రుడు, వ్యాసాలు పంపేవారి కోసం నియమావళి ముసాయిదా సిద్ధం చేసి భాష సరిచూడమని నాకు ఇచ్చాడు. భాషలో సరిచూడవలసినది పెద్దగా లేదు. కాని పద్నాలుగు నియమాలలో పదకొండు "రాదు", "కూడదు", "పరిశీలించబడవు" అన్న మాటలతోనే ముగిశాయి. విందుకు పిలిచి వాకిట్లో కుక్కను కట్టేసినట్టుంది. ఆ మాటే అతనికి చెప్పాను. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య నెల రోజులుగా చర్చ నడుస్తూనే ఉంది. మీలో ఎప్పుడో ఒకప్పుడు సంపాదకత్వం నెత్తిన వేసుకున్నవారు చాలామందే ఉన్నారు కనుక దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

రచనలు పంపమని ఎలా అడగాలన్న ప్రశ్నకు పాలమూరు మనిషే ఒకరు ఏనాడో జవాబు చెప్పి ఉన్నారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేనే లేరన్న అర్థం వచ్చే మాట ఒకటి అచ్చులో కనబడినప్పుడు, ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి దాన్ని ఖండనతో సరిపెట్టలేదు. 1926లో మొదలైన గోలకొండ పత్రిక ఆయన చేతిలో ఉంది. దాని ద్వారా కవులను రచనలు పంపమన్నారు. వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో చోటు దక్కిన కవులు 354 మంది. ఇవాళ ఆ సంచికను తిరగేస్తే అన్నీ ఒకే ఎత్తున ఉన్న రచనలని ఎవరూ అనరు. అయితే, నాకర్థమైనంతలో, ప్రతాపరెడ్డి వేసుకున్న ప్రశ్న "ఎవరు గొప్పవారు?" అన్నది కాదు, "ఎవరున్నారు?" అన్నది. ఆ ప్రశ్నకు తగ్గట్టుగానే ఆయన తలుపు వెడల్పు పెట్టారు. అంతకు ముందు 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు నీలగిరి పత్రికను నడిపారు. అచ్చుయంత్రమే అరుదైన కాలంలో, ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పత్రిక నడిపినవారు రాసేవారిని వెతుక్కోవాలే గాని వడపోసుకునే స్థితి ఎక్కడిది?

ఇదంతా విని మిత్రుడు ఒక్కటే మాటన్నాడు: "పద్యం తప్పు పోతే ఎవరు చస్తరయ్యా? మోతాదు తప్పు పోతే మంద చస్తది."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఉండకూడదు కూడా. మందు పేరు, మోతాదు, జీవం బరువు, సూది ఎక్కడ వేశారు, ఎన్ని రోజులు వేశారు అన్నవి లేని చికిత్సానుభవాన్ని అచ్చు వెయ్యకూడదన్న నియమం ఒక్క అక్షరం కూడా మారకుండా ఉండవలసిందే. కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు రాయాలన్నదీ అంతే. ఒక మందు గుణాన్ని వర్ణించే వ్యాసకర్తకు ఆ మందు అమ్మేవారితో లావాదేవీ ఉంటే ఆ సంగతి వ్యాసం మొదట్లోనే చెప్పాలి. ఇలాంటివి ఎన్ని ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

కాని మిగిలిన నియమాల సంగతి వేరు. అక్షరాల పరిమాణం, అంచుల కొలత, ఆధారగ్రంథాల పట్టికలో చుక్క ఎక్కడ, కామా ఎక్కడ! 1978లో కొన్ని వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమై రాతప్రతులకు ఉమ్మడి నియమాలు రూపొందించుకున్నారు. అప్పటిదాకా ఒక పత్రికకొక పద్ధతి. ఒకచోట తిరస్కరించిన వ్యాసాన్ని ఇంకోచోటికి పంపాలంటే ఆధారాలన్నీ మళ్ళీ టైపు కొట్టుకోవాలి. రాసేవారికి ఆ చాకిరీ తప్పించడానికి పుట్టిన నియమాలవి. వాటినే చూసి రాసుకున్న ముసాయిదా మనవాడి చేతిలో రాసేవారి నెత్తిన బరువుగా ఎలా మారిందో నాకు అంతుపట్టలేదు.

అసలు పేచీ మొదటి నియమం దగ్గర వచ్చింది. పశువైద్య పట్టభద్రుల రచనలు మాత్రమే స్వీకరిస్తారట. మరి గోపాలమిత్ర సంగతేమిటి? ఎద సూదులు వేస్తూ, ప్రథమచికిత్స చేస్తూ ఊరూరా తిరిగేది అతడు. అర్ధరాత్రి ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ముందు ఫోను వెళ్ళేది అతనికే. అతడు చూసినది అతడే రాయాలి. రోగనిర్ధారణ భాగాన్ని ఒక వైద్యుడు సరిచూడాలన్న షరతు పెట్టుకోవచ్చు. పది రోజుల తర్వాత మిత్రుడు దీనికి ఒప్పుకున్నాడు. కొంచెం కష్టంగానే ఒప్పుకున్నాడు.

గొల్లకురుమల దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం చిక్కుపడింది. పాలమూరు మందలు మేత కోసం దూరప్రాంతాలకు వలసపోతాయి. కాపరికి తెలిసిన సంగతులు ఏ ఆస్పత్రి రిజిస్టరులోనూ ఉండవు. వాటిని వైద్యుడు రాసుకుంటే, చెప్పిన కాపరి అనుమతిస్తే అతని పేరు, ఊరు తప్పక వెయ్యాలన్నాను. ఊరు పేరు లేకుండా "స్థానికుల కథనం" అని రాసి ఒకరి తెలివిని ఊరుమ్మడి ఆస్తి చేసెయ్యడం నాకు నచ్చదు. అయితే మిత్రుడు ఎత్తిచూపిన ఇంకో కోణం కూడా నిజమే. ఫలానావాడి మందకు రోగం వచ్చిందని అచ్చులో పడితే సంతలో వాడి జీవాల ధర పడిపోతుంది. వలసదారిలో చేలల్లో మంద పెట్టించుకునే రైతులు వాడిని రానివ్వరు. కనుక విద్య చెప్పినవాడి పేరు ఉండాలి, నష్టపోయినవాడి పేరు ఉండకూడదు. ఇద్దరూ ఒకరే అయితే? పేరు వెయ్యాలో వద్దో అతనికి చదివి వినిపించి అతన్నే అడగాలని రాసుకున్నాం. ముసాయిదా మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

రోగాల పేర్ల విషయంలో మాత్రం వెంటనే ఏకాభిప్రాయం కుదిరింది. తొలకరికి మొలిచిన లేతగడ్డి ఆబగా మేసిన గొర్రె ఉన్నట్టుండి కొట్టుకుని చచ్చిపోయే చిటుకు రోగాన్ని పాఠ్యపుస్తకం పేరుతో మాత్రమే రాస్తే కాపరికి చేరదు. చిటుకు అని మాత్రమే రాస్తే, ఊరికొక రోగాన్ని ఆ పేరుతో పిలుస్తారేమోనన్న అనుమానం మిగులుతుంది. నీలి నాలుక వ్యాధిని మూతివాపు అంటారు గాని, మూతి వాచినదల్లా నీలి నాలుక కాదు. అందువల్ల ఊరిపేరు, శాస్త్రం పేరు, మధ్యలో కంటికి కనబడిన లక్షణాలు అన్నీ రాయమన్నాం.

నేను పట్టుబట్టి చేర్పించినది ఒకటుంది. నయం కాని కేసులు కూడా పంపమని అడగాలి. "విజయవంతమైన చికిత్సానుభవాలు" అన్న మాటలో మొదటి పదం కొట్టేశాను. పశువుల ముసరవ్యాధిని చూడండి. ప్రపంచంలో ఆ రోగం లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. మన దేశంలో 1995 తర్వాత అది కనబడలేదు. దాన్ని కళ్ళారా చూసిన వైద్యులంతా ఉద్యోగ విరమణ చేశారు, చేస్తున్నారు. టీకాలు మోసుకుంటూ తిరిగిన ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఎందుకు ఆలస్యమైందో, ఏ పశువును ఎందుకు దక్కించుకోలేకపోయారో ఎవరూ అడగకపోతే ఎవరూ రాయరు. విజయం గురించిన నివేదికలు ఎలాగూ ఉంటాయి.

ఇక, పద్నాలుగు నియమాల్లో సంపాదకులకు వర్తించేది ఒక్కటీ లేదు. మూడు చేర్చాను. వ్యాసం అందిందని వారంలోగా తెలపాలి. దిద్దిన ప్రతిని రచయితకు చూపాకే అచ్చుకివ్వాలి. తిరస్కరిస్తే ఎందుకో నాలుగు వాక్యాలైనా రాయాలి. మొదటి రెండింటికి మిత్రుడు తలూపాడు. మూడోదాని దగ్గర ఆగాడు.

"డెబ్బై వ్యాసాలొస్తే గన్ని ఉత్తరాలు ఎవరు రాయాలె?"

శాస్త్రపరమైన కారణం ఒక్క ముక్కలో నువ్వు చెప్పు, ఉత్తరం నేను రాస్తానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాడు. గడువు జూన్ నెలాఖరు అని వేశాడు, అది మాత్రం అక్టోబరుకు మార్పించాను. తొలకరిలో ఏ పశువైద్యుడికీ కలం పట్టే తీరిక ఉండదు.