టేపు తిరిగినంత సేపు

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు దాటి ఒక సందులోకి తిరిగితే, జిరాక్సు కొట్టు మేడ మీద పాత పెళ్లి వీడియో స్టూడియో ఉంది. కొత్త పెళ్లిళ్లు తీయడం వాళ్లు ఎప్పుడో మానేశారు. జనం బీరువాల్లో మిగిలిపోయిన మినీ డీవీ కేసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడమే ఇప్పుడు వాళ్ల పని.

గదిలో ఏసీ ఆపరు. అది టేపుల కోసమట. గోదావరి గాలిలో తేమకి టేపు చుట్ట అంచున తెల్లగా బూజు పడుతుంది. వచ్చిన ప్రతి కేసెట్‌నీ టార్చి వేసి చూశాకే కేమెరాలో పెడతారు. బూజు పట్టింది ఒక్కటి తిరిగినా టేపుని చదివే హెడ్డు పాడవుతుంది, ఆ తర్వాత పెట్టిన టేపులకీ అది అంటుకుంటుంది.

బల్ల మీద సోనీ పీడీ 170, పక్కన పానాసోనిక్ ఎండీ 10000. ఇరవై ఏళ్ల కిందట మన పందిళ్లలో మండపానికి అడ్డంగా నిలబడి, వెనక వరసల వాళ్ల చేత తిట్లు తిన్న కేమెరాలు ఇవే. వాటి ఎదురుగా డెబియన్ లినక్స్ ఎక్కించిన మామూలు డెస్క్‌టాప్. స్టూడియో నడిపేది ఒక మావయ్య, ఆయన మేనల్లుడు. కేమెరాలు మావయ్యవి, కంప్యూటరు మేనల్లుడిది. మావయ్యకి అరవై దాటాయి.

"గురువుగారూ, కేమెరాకి యూఎస్‌బీ ఉంది కదా, దానితో రాదా?" అని మావయ్యని అడిగాను.

"అది ఫొటోలకండి. వీడియో పంపినా వెబ్‌కామ్ బొమ్మలా చిన్నగా వస్తాది. అసలు సరుకు వచ్చే దారి ఇదండి," అంటూ అగ్గిపుల్ల తలంత సాకెట్ చూపించారు. ఫైర్‌వైర్. సోనీ వాళ్లు ఐ లింక్ అన్నది దాన్నే. కేమెరా వైపు నాలుగు పిన్నులు, కంప్యూటర్లో పెట్టిన కార్డు వైపు ఆరు. ఆరు పిన్నుల వైపు కరెంటు కూడా వస్తుంది కాబట్టి తిరగేసి గుచ్చితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే అన్నీ ఆపి కేబుల్ పెట్టాకే స్విచ్ వేస్తారు. కేమెరాని బ్యాటరీ మీద నడపరు, అడాప్టరే.

ఆ తర్వాత ఆయన అన్న మాట కోసమే నేను వెళ్లినట్టయింది. "ఇది రికార్డింగు కాదండి, కాపీ. టేపు మీద ఉన్నవి అంకెలే. వాటినే తెచ్చుకుంటాం."

మేనల్లుడు లెక్క చెప్పాడు. మన పాల్ పద్ధతిలో ఒక ఫ్రేము 720 బై 576 చుక్కలు, 1,44,000 బైట్లు. టేపు మీద అది 12 ఏటవాలు గీతలుగా ఉంటుంది. సెకనుకి 25 ఫ్రేములంటే 36 లక్షల బైట్లు, గంట టేపుకి సుమారు 13 జీబీ. 80 జీబీ డిస్కే గొప్పైన రోజుల్లో ఇంత దాచుకునే చోటెక్కడ? అందుకని ఎడిట్ చేసి వీసీడీ చేతిలో పెట్టేవారు. 352 బై 288 చుక్కలు, బొమ్మకి సెకనుకి 1.15 మెగాబిట్లు. టేపు మీద బొమ్మ 25 మెగాబిట్లది. చాలా ఇళ్లలో పెళ్లి జ్ఞాపకం అంటే ఆ వీసీడీయే.

మేనల్లుడు డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాము మొదలుపెట్టాడు. కేమెరా మీద ఎవరూ చెయ్యి వేయకుండానే టేపు తిరగడం మొదలైంది. ప్లే, స్టాప్, రివైండ్ ఆదేశాలు కూడా ఆ తీగ మీదే వెళ్తాయి. ఆటోస్ప్లిట్ అని చెబితే రికార్డింగు ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతి చోటా ఫైలు విడిపోతుంది. టైమ్‌స్టాంప్ అని చెబితే తీసిన తేదీ, సమయం ఫైలు పేరులో చేరతాయి. కేమెరా గడియారం సరిగ్గా ఉండి ఉంటే, ఫలానా క్షణంలో జీలకర్ర బెల్లం పెట్టారని ఫైలు పేరే చెబుతుంది. వేగం పెంచే మార్గం లేదు. గంట టేపుకి గంట కూర్చోవాల్సిందే.

తెర మీద 2004 నాటి పెళ్లి. ఇంటివాళ్ల దగ్గరున్న డిస్కులో ఇదే పెళ్లి గులాబీ రేకుల మధ్య తిరుగుతూ, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటల కింద నడుస్తుందట. టేపులో పాటలు లేవు. సన్నాయి ఉంది, పురోహితుడు మధ్యలో ఆగి మంచినీళ్లడగడం ఉంది, పక్కనెవరో కట్నం స్కూటరు గురించి గొంతు తగ్గించి అంటున్న మాటలున్నాయి. వంటశాలలో బూరెలు వేస్తున్న మనిషి కేమెరా వైపు చూసి తల తిప్పుకున్నాడు. ఎడిటింగులో ముందు ఎగిరిపోయేవి ఇవే. నాకైతే ఇవే పెళ్లి అనిపించింది.

"టేపు ఖరీదు కదండి. డిస్కు ఇచ్చేశాక అదే టేపు మీద ఇంకో పెళ్లి తీసేసేవాళ్లం," అన్నారాయన, ఏ దాపరికం లేకుండా. టేపు అడిగి తీసుకున్నవాళ్లకే ఈ మాటలు మిగిలాయి.

మధ్యలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరింది. పాడైన ఫ్రేమని టైమ్‌కోడ్‌తో సహా హెచ్చరిక పడింది. కేమెరా చదవలేకపోయిన గడిని ముందు ఫ్రేములోని ముక్కతో పూడ్చేస్తుంది. అందుకే కంటికి ఒక్కోసారి తేడా తెలియదు, ప్రోగ్రాముకి తెలుస్తుంది. హెడ్డు శుభ్రం చేసి మళ్లీ తీస్తారు. రెండోసారి తప్పులు వేరే చోట రావచ్చు. అప్పుడు డీవీరెస్క్యూ అనే ప్రోగ్రాము రెండు కాపీల్లోని మంచి భాగాలను ఏరి ఒకటిగా కలుపుతుంది. గంట టేపులో గంటన్నర పట్టాలని ఎల్‌పీ (లాంగ్ ప్లే) పద్ధతిలో తీసినవే మొండివి. తీసిన కేమెరాలో తప్ప వేరేదాంట్లో చాలాసార్లు సరిగ్గా ఆడవు.

పెన్‌డ్రైవ్‌లో ఫోనుకి సరిపడేది ఇచ్చెయ్యమనే అందరూ అడుగుతారు. నేరుగా కుదిస్తే, దండ కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనబడతాయి. డీవీ బొమ్మ సరి గీతలు, బేసి గీతలు విడివిడిగా తీసినది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముతో వాటిని విడదీసి సెకనుకి 50 ఫ్రేములుగా చేస్తేనే నడక సహజంగా ఉంటుంది. ఆ ఎంపీ4తో పాటు అసలు డీవీ ఫైలునీ హార్డ్ డిస్కులో పెట్టి ఇస్తారు. కొందరు విసుక్కుంటారు. మావయ్య పట్టుదలే సరైనదని నాకనిపించింది. 2 టీబీ డిస్కులో 150 టేపులు పడుతున్న రోజుల్లో అసలు పారేయడానికి కారణం లేదు.

లినక్సే ఎందుకని అడిగితే మేనల్లుడు నవ్వాడు. ఒకప్పుడు కెర్నెల్ మాడ్యూళ్లు చేత్తో ఎక్కించి, అనుమతులిచ్చి, కీనో అనే ఎడిటర్‌తో తంటాలు పడాల్సి వచ్చేది. 2007లో కెర్నెల్‌లోకి కొత్త ఫైర్‌వైర్ కోడ్ చేరింది, 2011 నాటికి పాతది పోయింది. ఇప్పుడు తీగ పెడితే కేమెరా దానంతటదే కనబడుతుంది. ఫైర్‌వైర్ పుట్టిల్లైన ఆపిల్, 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టహోలో దాన్ని తీసేసింది. లినక్స్‌లో ఆ భాగాన్ని 2029 దాకా చూసుకుంటానని తకాషి సకమోతో అనే ప్రోగ్రామరు 2023లోనే ముందుకొచ్చారు.

"కంప్యూటరు సంగతి వాడు చూసుకుంటాడండి. నా బెంగంతా కేమెరా మీదే," అన్నారు మావయ్య. లోపలి డ్రమ్ము నిమిషానికి 9000 సార్లు తిరుగుతుంది, దాని మీది హెడ్డు టేపుని రాసుకుంటూ అరుగుతుంది. మూలనున్న అట్టపెట్టెలో విప్పిన హ్యాండీకేమ్‌లు పోగుపడి ఉన్నాయి, అన్నీ విడిభాగాల కోసమే.

"మీ చుట్టాల్లో ఎవరి దగ్గరైనా పాతది ఉంటే అమ్మేయొద్దని చెప్పండి. తెర పగిలినా పర్లేదండి, ఆయ్. డ్రమ్ము తిరిగితే చాలు, నేనే వచ్చి తెచ్చుకుంటాను."