ఆరు చక్రాల నీలం బండి

మా హాల్లో టీవీ పక్కన గాజుపెట్టెలో ఒక నీలం కారు ఉంది. పొడవు జానెడు. చక్రాలు ఆరు. వచ్చిన చుట్టాల్లో సగం మంది 'రెండు ఎక్కువ అతికించేసినట్టున్నావే' అని నవ్వుతారు. నేనేం అనుకోను. 1976లో అసలు కారు ట్రాకెక్కినప్పుడు కూడా జనం ఇంచుమించు ఇలాగే చూశారు.

దాని పేరు టిరెల్ పీ34. ఫార్ములా వన్ కారు. డెరెక్ గార్డ్‌నర్ అనే ఇంజనీరు బుర్రలో పుట్టింది. ఆలోచన వింటే సులువే. రేసు కారుకి ముందు చక్రాలు గాలికి అడ్డం. కారు ముందు రెక్క వెడల్పు మీటరున్నర దాటకూడదని అప్పటి నియమం. చక్రాల్ని పది అంగుళాలకి కుదించేస్తే ఆ ముక్కు వెనకాలే దాక్కుంటాయి. కానీ చిన్న చక్రం రోడ్డుని తక్కువ పట్టుకుంటుంది కదా! అందుకని రెండు బదులు నాలుగు పెట్టేశాడు. ఆ ఏడాది జూన్‌లో స్వీడన్ గ్రాండ్ ప్రిలో జోడీ షెక్టర్ మొదట, ప్యాట్రిక్ డెపాయే రెండోవాడిగా ఈ కార్లతోనే వచ్చారు. ఆరు చక్రాల కారు గెలిచిన ఫార్ములా వన్ రేసు ఇప్పటికీ అదొక్కటే. తర్వాతి ఏడు బండి బరువెక్కింది, ఆ బుల్లి టైర్ల అభివృద్ధి వెనకబడింది, కథ ముగిసింది. 1983 నుంచి నాలుగు చక్రాలకి మించకూడదని నియమమే పెట్టేశారు.

మా ఇంట్లో ఉన్నది దాని ఇరవయ్యో వంతు. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న టమియా కంపెనీ కిట్. పెట్టె తెరిస్తే కారు ఉండదు. ప్లాస్టిక్ కొమ్మలకి కాయల్లా భాగాలు వేలాడుతుంటాయి. ఒక్కొక్కటీ తుంచి, గీకి, రుద్ది, రంగేసి, అతికించుకోవాలి. కలప మిల్లుగా 1946లో మొదలైన ఆ కంపెనీ ముందు చెక్క బొమ్మలు చేసి, 1960లో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన షున్‌సాకు టమియా 2025 జూలైలో 90 ఏళ్ల వయసులో పోయారు. నమూనా సరిగ్గా రావాలని పోర్షే 911 కారు నిజంగానే కొని, భాగం భాగంగా ఊడదీయించిన మనిషాయన. మా నాన్న విని ముచ్చటపడ్డ కథ అది.

నాన్న గురించి చెప్పాలి. ఖమ్మం ఆర్టీసీ డిపోలో 36 ఏళ్లు మెకానిక్. రిటైరయ్యాక మా దగ్గరికి హైదరాబాద్ వచ్చేశారు. నా ప్లాస్టిక్ బొమ్మల పిచ్చి ఆయనకి ఎప్పుడూ నచ్చలేదు. 'పిల్లల ఫీజులు కట్టాల్సిన వయసులో బొమ్మలేంట్రా' అనేవారు. మూడేళ్ల కిందట ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరుగారు. వణుకు కంటే ముందు సంతకం మారింది. అక్షరాలు రానురాను చిన్నవైపోయి చీమల బారులా తయారయ్యాయి. ఒక బ్యాంకులో సంతకం కలవడం లేదని చెక్కు వెనక్కి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఎవరైనా వస్తే నాన్న హాల్లోకి రావడం మానేశారు. వచ్చినా కుడిచేయి తువ్వాలు కింద దాచుకుని కూర్చునేవారు. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పిన మనిషి, రోజుకి పది మాటలు కూడా మాట్లాడేవారు కాదు.

ఒక ఆదివారం నేను ఇంజను అతికిస్తున్నాను. ఫోర్డ్ కాస్‌వర్త్ డీఎఫ్‌వీ. మూడు లీటర్లు, ఎనిమిది సిలిండర్లు. 1967లో జిమ్ క్లార్క్ మొదటి రేసులోనే గెలిచాడు దానితో. మొత్తం 155 ఫార్ములా వన్ గెలుపులు ఆ ఇంజనువి. మంచినీళ్ల కోసం వచ్చిన నాన్న నా భుజం మీంచి చూసి ఆగారు.

"ఛాసిస్ ఏదిరా?"

లేదన్నాను. డ్రైవరు కూర్చునే తొట్టి వీపు దగ్గరే అయిపోతుంది. దానికి ఇంజను బోల్టులతో బిగిస్తారు. ఇంజనుకి గేర్‌బాక్సు, వెనక సస్పెన్షన్ బిగిస్తారు. బండిలో వెనక సగానికి ఇంజనే వెన్నెముక.

నాన్న కుర్చీ లాక్కున్నారు. బస్సుల్లో ఇంజను ఛాసిస్ మీద రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఊగుతుంది, వణుకుతుంది, కానీ బరువు మోయదు. ఇక్కడ ఇంజనే బరువు మోస్తోంది. ఆయన ఆ బుల్లి ముక్కని ఎడం చేత్తో తిప్పి తిప్పి చూసి, "బాగుంది గానీ, దీనికి నరాలేవిరా? ప్లగ్గుల వైర్లు లేకుండా ఇంజనేంటి?" అన్నారు.

కిట్‌లో వైర్లు రావు. తీరిక, ఓపిక ఉన్నవాళ్లు విడిగా పెట్టుకుంటారు. దీన్నే మా వాళ్లు డిటెయిలింగ్ అంటారు. ఇందులో అందరూ తడబడేది లావు దగ్గర. చేతికి దొరికిన తీగ పెట్టేస్తే ప్లగ్గు వైర్ల బదులు నీళ్ల పైపులు వేలాడుతున్నట్టు ఉంటుంది. నాన్న లెక్క కట్టారు. అసలు వైరు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. ఇరవైతో భాగిస్తే 0.35 నుంచి 0.4. "28 గేజి వైండింగు తీగ సరిపోతుంది, మోటార్ల షాపులో అడుగు" అన్నారు. అడిగాను. వాచ్‌మన్ పంపు మోటారు బాగుచేసే కుర్రాడు మూర తీగ ఊరికే ఇచ్చాడు. కొలిస్తే 0.38కి కాస్త తక్కువ. రంధ్రాలకి సర్క్యూట్ బోర్డులు తొలిచే సన్నటి బిట్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికాయి. ఇంపోర్టెడ్ అని రాసి ఉన్న వాటికంటే నాలుగో వంతు ధర.

డిస్ట్రిబ్యూటరు నుంచి ఎనిమిది తీగలు, అటు నాలుగు, ఇటు నాలుగు. ఒక్కోదాని వంపు సరిగ్గా రావడానికి మూడు సాయంత్రాలు పట్టింది. తీగ ఎక్కడా బిగుసుకుని ఉండకూడదంటారు నాన్న. "ఇంజను అదురుద్దిరా, కాస్త వదులు ఉంచు." ప్లాస్టిక్ ఇంజను అదరదని నేను అనలేదు. వదులుగానే ఉంచాను. మీరు నమ్మరు గానీ, దాంతోనే అది ప్లాస్టిక్‌లా కనపడడం మానేసింది.

ముందు చక్రాల దగ్గరికి వచ్చేసరికి నాన్నే గురువైపోయారు. నాలుగు చక్రాలూ తిరగాలి. స్టీరింగు మొదటి జతకి కలిసి ఉంటుంది, దాన్నుంచి రెండో జతకి కడ్డీలు వెళ్తాయి. ఇంగ్లిషులో ఎన్నిసార్లు చదివినా నాకు బొమ్మ కట్టలేదు. నాన్న నవ్వారు. "ఇందులో వింతేముంది? హైవే మీద 12 చక్రాల లారీలు చూళ్లేదా? ముందు రెండు యాక్సిళ్లూ తిరుగుతాయి. కాకపోతే రెండోది కాస్త తక్కువ తిరగాలి. లేకపోతే టైరు రోడ్డుని గీసేసి నెలకే నున్నగా అవుద్ది." ఎందుకు తక్కువో కాగితం మీద గీసి చూపించారు. మలుపు తిరిగేటప్పుడు చక్రాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలి. వెనక ఇరుసుకి దగ్గరున్న జత తక్కువ వంగితేనే అది కుదురుతుంది. గీత వంకరగా వచ్చింది. లెక్క మాత్రం తిన్నగా ఉంది. ఇంగ్లండులో గొప్ప వింతగా చెప్పుకున్న బండిని మా నాన్న సూర్యాపేట రోడ్డు మీది లారీతో తేల్చిపారేశారు.

అన్నట్టు, ఆ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డ్రైవరు పక్కన ఉన్న చిన్న కిటికీ. చక్రాలు మరీ కిందికి ఉండడంతో డ్రైవరుకి కనపడవు. వాటిని చూసుకోవడానికని తొట్టి గోడకి పారదర్శకమైన కిటికీలు పెట్టారు. ఇరవయ్యో వంతులో అది చిటికెనవేలి గోరంత.

రంగు కథ వేరే. ఆ నీలం స్ప్రే డబ్బా విమానంలో రాదు, మండే సరుకు. రాణీగంజ్‌లో కార్ల పెయింటు కలిపే దుకాణానికి ఫొటో పట్టుకెళ్లి కలిపించుకున్నాను. కార్ల రంగులోని థిన్నరు నేరుగా తగిలితే ఈ ప్లాస్టిక్ కరుగుతుంది. ముందు ప్రైమరు పల్చగా రెండు మూడు పొరలు కొట్టుకోవాలి. అంతకంటే ముందు అతుకుల సందులు పుట్టీతో పూడ్చి రుద్దాలి. మన కొండపల్లి వాళ్లకి ఇదేం కొత్త కాదు. తెల్ల పొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, నునుపు చేసి, అప్పుడు రంగు వేస్తారు. నా పుట్టీ ట్యూబు ఖరీదుకి వాళ్ల దగ్గర ఎడ్లబండే వచ్చేస్తుంది!

ఆగస్టు ముసురులో స్ప్రే కొడదామని మేడమీదికి బయల్దేరితే నాన్న అడ్డం పడ్డారు. తేమ గాలిలో ఆ రంగు పాలిపోయి తెల్లగా పొంగుతుందట. డిపోలో పెయింటర్లు వానరోజు తుపాకీ ముట్టుకునేవాళ్లు కాదట. పన్నెండు రోజులు ఆగాం. మా ఆవిడ మాత్రం 'ఇంటికి సున్నం వేయించమంటే ఒక్కరోజు కూడా ఆగలేదు మీరు, అసలు వేయించనేలేదు' అంది. సమాధానం చెప్పలేదు.

రంగు ఆరాక మెరుగు పెట్టాలి. రెండు వేల నంబరు ఎమరీ కాగితం నీళ్లలో తడిపి రుద్ది, తర్వాత కాంపౌండు పట్టించి మెత్తటి గుడ్డతో తుడవాలి. గంటల తరబడి ఒకే పని. గుడ్డ నాన్న అందుకున్నారు. నేను కారు లాక్కోబోయి ఆగాను. ఈ జబ్బులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ, పనిలో పెట్టినప్పుడు తగ్గుతుందని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. అప్పుడు నేను తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు చూస్తున్నాను. నాన్న చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దుతున్నారు. నెమ్మదిగానే. కానీ చెయ్యి నిలకడగా ఉంది. అంచుల దగ్గర ఒత్తకుండా వదిలేస్తున్నారు, అక్కడ రంగు పల్చగా ఉంటుంది కాబట్టి. ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. రెండు గంటలు. మధ్యలో ఆపి చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ వణికేది. మళ్లీ గుడ్డ తీసుకునేవారు.

నాలుగు ఆదివారాలకి బండి అద్దమైంది. స్టిక్కర్లు నీళ్లలో నానబెట్టి జార్చే పని నాది. 1976 అక్టోబరులో ఫుజీలో జరిగిన జపాన్ రేసులో, ఆ కార్ల మీద జట్టు పేరు జపాన్ అక్షరాల్లో కూడా రాసుకున్నారు. ఆ వానలో డెపాయే రెండోవాడిగా వచ్చాడు. నాలుగేళ్లకి జర్మనీలో మరో కారు నడిపి చూస్తూ చనిపోయాడు. "పాపం" అన్నారు నాన్న, తెలిసినవాళ్ల సంగతి విన్నట్టు.

ఇంజను మీది మూత మాత్రం అతికించలేదు. తీసి పక్కన పెట్టుకునేలా ఉంచాం. మొన్న మా బాబాయి కొడుకు వచ్చినప్పుడు ఎందుకని అడిగాడు. లోపలి గదిలోంచి నాన్నే బయటికి వచ్చి, వణికే చేత్తోనే మూత తీసి, ప్లగ్గు వైర్లు లెక్కపెట్టించారు. తువ్వాలు భుజం మీద ఉంది.

ఇప్పుడు ఆయనకి ఎర్రబస్సు కావాలి. పాత అశోక్ లేలాండ్. నేను వెతికినంతలో కిట్ లేదు. ప్లాస్టిక్ షీట్లు కోసి సొంతంగా చేసుకోవాల్సిందే. ఇరవయ్యో వంతన్నా అర మీటరు దాటుతుంది. ఎక్కడ పెడతారో మీరే చూసుకోండి అంది మా ఆవిడ. నాన్న కొలతలు చెబుతుంటే నేను గ్రాఫు కాగితం మీద గీస్తున్నాను. నిన్న వెనక లైట్ల దగ్గర ఆగాం. ఎరుపు పైన, పసుపు కింద అంటారు నాన్న. నా దగ్గరున్న ఫొటోలో తలకిందులుగా ఉంది. ఆ ఫొటో మా డిపో బండిది కాదన్నారు. ఎరుపు పైనే గీశాను.