అరిచే చక్రం ఎడమది



మన పాత మారుతి 800 శబ్దం మీకందరికీ తెలిసినదే. మందిరం సందులోకి మలుపు తిరుగుతుంటేనే "అయ్యగారు వచ్చినారు" అని పిల్లలు పాటల పుస్తకాలు తెరిచేవారు. బ్రేకు తొక్కితే వెనుక ఎడమ చక్రం కీచుమని అరిచేది. ఆరు నెలలు ఓర్చుకున్నాము. ఓర్చుకున్నాము అనడం కూడా సరి కాదేమో, కారులో పాటల శబ్దం పెంచి దానిని వినకుండా చేసుకున్నాము.

అరుపుతోపాటు ఇంకొకటి మొదలైంది. మెల్లగా తొక్కినా వెనుక బ్రేకు ఒక్కసారిగా పట్టేసేది. వాన పడిన మరుసటి ఉదయం డ్రమ్ము లోపల సన్నగా తుప్పు పట్టి అలా కావడం మామూలే, నాలుగుసార్లు తొక్కితే పోతుంది. మాది పోలేదు. అరిచేది ఎడమ చక్రమే గనుక తప్పు దానిదేనని తీర్మానించుకున్నాము. ఒక షాపులో చూపిస్తే ఎడమ డ్రమ్ము విప్పి, లైనర్లను ఎమరీ పేపరుతో రుద్ది, బిగించి పంపారు. కుడివైపు విప్పమని మేమూ అడగలేదు. వారం రోజులు అరుపు తగ్గింది. దేవునికి స్తోత్రం చెప్పి మరచిపోయాము.

తరువాత ఒక సాయంత్రం రాయచోటిలో కూడిక ముగించుకొని, కడప ఆసుపత్రిలో ఉన్న ఒక సహోదరుని చూచి ఇంటికి వద్దామని గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నాము. సన్నటి తుంపర. వెనుక సీటులో సండే స్కూలు పిల్లలు ముగ్గురు. ముందున్న లారీ నిదానిస్తే మేమూ బ్రేకు మీద కాలు పెట్టాము, అంతే. వెనుక చక్రం బిగుసుకుపోయి కారు తోక పక్కకు జారింది. పిట్టగోడకు రెండడుగుల దూరంలో ఆగింది. పిల్లలలో ఎవరూ ఏడవలేదు, అదే మమ్మును ఎక్కువ భయపెట్టింది. అమ్మగారు ఒక్క మాటే అన్నారు: "ఆరు నెలల నుండి చెప్తున్నానండీ."

మరునాడు రాజంపేటలో ఒక పెద్దాయన దగ్గరకు తీసుకొనిపోయాము. వేపచెట్టు కింద షెడ్డు, బోర్డు కూడా లేదు. మేము "ఎడమ చక్రం" అని మొదలుపెట్టగానే ఆయన ఆపారు.

"సప్పుడు యాడ వస్తాందో చెప్పినారు. పట్టుకునేది యాడ సార్? రెండూ ఒకటేనని మీకెవురు చెప్పినారు?"

ఖాళీ మైదానంలో కారును మెల్లగా నడిపి, హ్యాండు బ్రేకు మాత్రం కొంచెం కొంచెంగా లాగి చూశారు. దానికి ముందు చక్రాలతో పని లేదు, వెనుక డ్రమ్ములనే పడుతుంది. అప్పుడూ అలాగే పట్టేసింది. తప్పు వెనుకే ఉందని తేలింది. దిగి రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి, తాకకుండానే వేడి చూశారు. వేడి కుడివైపు ఎక్కువ.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, రెండు డ్రమ్ములూ విప్పారు. మేము దుమ్ము ఊదబోతే గదమాయించారు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, తడిగుడ్డతో తుడవాలి. ఎడమ డ్రమ్ములో గుండ్రంగా గీతలు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడిన తరువాత, పులపత్తూరు వైపు ఈ కారులోనే బియ్యం మూటలు మోశాము. ఆ ఇసుక గుర్తులేమో. షూలు ఆనుకొని కదిలే చోట్ల గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టింది. అరుపంతా దానిదే. "దీనితో ప్రాణం పోదు సార్" అన్నారు ఆయన.

కుడి డ్రమ్ము ఎన్నడూ శబ్దం చేయలేదు. దానిలో వీల్ సిలిండరు రబ్బరు ఎత్తి చూస్తే లోపల తడి. బ్రేక్ ఆయిల్ బొట్టు బొట్టుగా కారి లైనరు అంచు నల్లబడింది. ఆయిల్ తగిలితే బ్రేకు జారాలి కదా అని అడిగాము. బాగా తడిస్తే జారుతుందట. కొంచెమే తగిలి వేడికి మాడితే లైనరు జిగటబారి పట్టేస్తుందట. పైగా తిరిగే డ్రమ్ము ముందరి షూను తన వైపుకు తానే లాక్కుంటుంది, అందుకే చిన్న తప్పు పెద్ద పట్టు అవుతుంది. సెమినరీలో ఇవి నేర్పరు మరి.

"ఆయిల్ డబ్బా తగ్గింటుందే, చూడలేదా?" అన్నారు. చూశాము. రెండుసార్లు తగ్గితే రెండుసార్లూ పోశాము. ఎక్కడికి పోతోందని అడగలేదు.

ఆయిల్ తాగిన లైనరును పెట్రోలుతో కడిగినా, ఎమరీతో రుద్దినా లాభం లేదని, వేడెక్కితే మళ్లీ ఊరుతుందని చెప్పి రెండు వైపులా షూలు, స్ప్రింగులు, సిలిండర్లు మార్పించారు. ఒక్కవైపే మారిస్తే రెండు చక్రాలు రెండు విధాలుగా పడతాయి. డ్రమ్ములు లేత్‌కు వెళ్లి వచ్చాయి. ఎంతవరకు కోయవచ్చో డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది, అది దాటితే కొత్తవి కొనాల్సిందే. చివరికి బ్రేకు లైనులో గాలి తీసి, హ్యాండు బ్రేకు సరిచేసి ఇచ్చారు.

ఆ స్టూలు మీద కూర్చున్న మూడు గంటలలో మాకు కారు కంటే సంఘమే ఎక్కువ గుర్తుకు వచ్చింది. కానుకల లెక్కలు చదివి వినిపించమని గట్టిగా అడిగిన సహోదరి ఒకరున్నారు. (ఆమెను అడిగే ఇది రాస్తున్నాము.) ఆమె స్వరమే సంఘానికి ఇబ్బంది అనుకొని, ఆమెకు తగులునట్లు సమాధానము గూర్చి రెండు ఆదివారాలు ప్రసంగించాము. అంటే ఎమరీ పేపరుతో రుద్దాము. ఆమె నెమ్మదించారు. ఆ నెలలలోనే వెనుక బల్లమీద కూర్చునే ఒక కుటుంబం ఒక వారం వచ్చి ఒక వారం మానుతూ వచ్చింది. కుర్చీలు తగ్గితే మేము వేరే వాళ్లను పిలిచి నింపాము.

షిలోహు మందిరంలో హన్నా పెదవులు కదులుతుంటే యాజకుడైన ఏలీ ఆమె నోటినే చూచి, త్రాగి ఉన్నదని తీర్మానించిన సంగతి మొదటి సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది. దానిమీద చాలాసార్లు ప్రసంగించాము, ప్రతిసారీ హన్నా వైపు నిలబడే.

గడచిన ఆదివారం లెక్కల పుస్తకం అందరి ముందర చదివాము. ఆ సహోదరికి క్షమాపణ చెప్పుకున్నాము. గురువారం సాయంత్రం ఆ కుటుంబం ఇంటికి వెళ్లాము. కారు ఆగిన సంగతి కూడా వాళ్లకు తెలియలేదు, తలుపు తట్టాల్సి వచ్చింది. ఆ ఇంటాయన బయటికి వచ్చి, కారును చూచి, "ఏం సార్, ఈ పొద్దు సప్పుడే లేదు" అన్నారు. మంచినీళ్లు ఇచ్చారు. ఆ మీదట మాట్లాడుకున్నది ఇక్కడ రాయము.