డబ్బాకు మూత చేసే ఉద్యోగం

ఇంజెక్షన్ సీసా మీద బూడిదరంగు రబ్బరు మూత ఉంటుంది కదా, నర్సు సూది గుచ్చేది దాంట్లోకే. సీసాలో మందు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ మూతకు బ్యాక్టీరియా అంటుకుని ఉంటే మందు మొత్తం పాడైనట్టే. నోట్లో వేసుకునే గోలీ అయితే కడుపులో ఆమ్లం కొంత కాపలా కాస్తుంది. ఇంజెక్షన్‌కు ఆ కాపలా లేదు, నేరుగా ఒంట్లోకే.

మాది కల్వకుర్తి. హైదరాబాద్‌లో ఓ చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేస్తా. స్టెరైల్ చేసిన రబ్బరు మూతల్ని బయటి గాలి తగలకుండా మందు నింపే మెషీన్ దగ్గరికి చేర్చే పరికరాలు గీయడం మా పని. మా నాయినకు ఇదంతా వివరంగా చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే డబ్బాకు మూత జేస్తవన్నట్టు" అన్నడు. నాలుగేండ్ల ఇంజినీరింగ్ దీనికేనా అని పైకి అనలేదు గానీ మొఖంలో కనిపించింది.

ఆయన చెప్పింది తప్పేం కాదు. చిక్కంతా ఆ మూత తీసే దగ్గరే ఉంది.

ఇంట్లో తొక్కు జాడీనే తీసుకోండి. పెద్ద జాడీలోంచి చిన్న జాడీలోకి తొక్కు మార్చాలి. షరతు ఏంటంటే, రెండు జాడీల లోపలికీ బయటి గాలి పోవద్దు, చెయ్యి తగలొద్దు, మూతల మీదున్న దుమ్ము లోపల పడొద్దు. మూత తీయకుండా మార్చలేం. తీస్తే గాలి దూరుతుంది. మరెట్ల?

దీనికి జవాబు 1960ల్లోనే ఫ్రాన్స్‌లో దొరికింది, అదీ మందుల కోసం కాదు, అణు పరిశ్రమ కోసం. అక్కడ లోపలున్నది విషం, దాని నుంచి బయటి మనిషిని కాపాడాలి. ఫార్మాలో అంతా ఉల్టా. లోపలున్నది శుభ్రం, దాన్ని బయటి మనిషి నుంచి కాపాడాలి. తలుపు మాత్రం అదే. ర్యాపిడ్ ట్రాన్స్‌ఫర్ పోర్ట్, మా భాషలో ఆర్‌టీపీ.

మందు నింపే మెషీన్ చుట్టూ ఐసోలేటర్ అనే మూసిన పెట్టె ఉంటుంది. దాని గోడకు ఉన్న తలుపు ఆల్ఫా. మూతలున్న సంచికో డబ్బాకో ఉన్న తలుపు బీటా. బీటాను తెచ్చి ఆల్ఫాకు మొఖానికి మొఖం ఆనించి 60 డిగ్రీలు తిప్పితే రెండు తలుపులూ ఒకదానికొకటి తాళం పడి ఒకే తలుపు అయిపోతాయి. బయటి గదిలో దుమ్ము తగిలిన మొఖాలు రెండూ మధ్యలో ఇరుక్కుపోతాయి. ఇప్పుడు ఆ జోడు తలుపును లోపలి వైపు తెరిస్తే, దుమ్ము దాంతోపాటే బందీగా పక్కకు పోతుంది. నాకైతే ఈ ఐడియా ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మురికిని కడగడం లేదు, బయట పారేయడం లేదు. కదలకుండా పట్టుకుంటున్నాం, అంతే.

డబ్బా సరిగ్గా కూర్చోకపోతే తలుపు తెరుచుకోదు. తలుపు తెరిచి ఉన్నంతసేపు డబ్బా ఊడిరాదు. ఈ ఇంటర్‌లాక్ లేకపోతే మిగతాదంతా వేస్ట్.

అయినా ఒక చోట మిగిలిపోతుంది. రెండు తలుపుల రబ్బరు అంచులు కలిసే దగ్గర సన్నని గుండ్రటి గీత. దాన్ని రింగ్ ఆఫ్ కన్సర్న్ అంటారు. లోపలికి పోయే మూత ఏదైనా ఆ గీతకు రాసుకుంటే అక్కడున్నది అంటించుకుపోవచ్చు. అందుకే బిగించే ముందు ఆ అంచుల్ని డిస్‌ఇన్ఫెక్ట్ చేస్తారు, తలుపు తెరిచాక లోపలి నుంచి ఒక గరాటు తెచ్చి గీతను కప్పేలా పెడతారు. మూతలు గరాటులోంచి జారిపోతాయి. నా పనిలో సగం రోజులు ఆ గరాటు మీదే పోతాయంటే నాయిన మళ్లీ నవ్వుతడు.

ఇంత తిప్పలు ఎందుకు, చివర్లో టెస్ట్ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. లెక్క చూడండి. పెద్ద బ్యాచ్ నుంచి స్టెరిలిటీ టెస్ట్‌కు మామూలుగా 20 సీసాలు తీస్తారు, 14 రోజులు ఉంచి చూస్తారు. బ్యాచ్‌లో 10,000 సీసాలుంటే, అందులో పది చెడిపోయి ఉంటే, ఆ ఇరవైలో ఒక్కటైనా చెడ్డది తగిలే అవకాశం దాదాపు 2 శాతం. అంటే వందకు తొంభై ఎనిమిది సార్లు రిపోర్ట్ 'పాస్' అనే వస్తుంది. టెస్ట్ చేసిన సీసా ఎలాగూ పేషెంట్‌కు పోదు. పోయేది టెస్ట్ చేయనిదే.

2023లో అమెరికాలో ఏమైందో కొందరికి గుర్తుండే ఉంటుంది. మన దేశం నుంచి వెళ్లిన కంటి చుక్కల మందుతో ముడిపడిన ఇన్ఫెక్షన్ 81 మందికి సోకింది. 14 మంది చూపు పోయింది, నలుగురు చనిపోయారు. కంటి చుక్కలు కూడా స్టెరైల్‌గా ఉండాల్సినవే.

ఇక నాకు కోపం తెప్పించే విషయం. క్లీన్‌రూమ్‌లో అన్నిటికంటే పెద్ద కాలుష్యం మనిషే. ఎంత ముసుగేసుకున్నా చర్మం పొలుసులు రాలుతూనే ఉంటాయి. అది సైన్స్, ఎవరి తప్పూ కాదు. కానీ ఎక్కడైనా తేడా వస్తే రిపోర్ట్‌లో 'ఆపరేటర్ ఎర్రర్' అని రాసి, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి ఫైల్ మూసేయడం సులువు. ఆ ఆపరేటర్లు ఎవరో నాకు తెలుసు. మా వైపు నుంచి మిడ్జిల్ మీదుగా జడ్చర్ల పోయి, పోలేపల్లి సెజ్‌లో షిఫ్టులు చేసే పిల్లల్లాంటి వాళ్లే. రాత్రి మూడింటికి చేతికి రెండు జతల గ్లవ్స్‌తో పనిచేసే మనిషికి 'జాగ్రత్తగా ఉండండి' అని బోర్డు పెట్టడం డిజైన్ కాదు. తప్పు చేద్దామన్నా కుదరకుండా చేయడం డిజైన్. 2023 ఆగస్టు 25 నుంచి యూరప్‌లో అమల్లోకి వచ్చిన కొత్త అనెక్స్ 1 నిబంధనలు కూడా మనిషి జోక్యం తగ్గించమనే అంటున్నాయి. అక్కడికి ఇంజెక్షన్లు పంపే మన కంపెనీలకు వేరే దారి లేదు.

మొన్న ఒక ప్లాంట్‌లో చూశా. పేరు అనవసరం. మూతల సంచి ఏడెనిమిది కిలోలు. ఆల్ఫా తలుపు నా ఛాతీ ఎత్తున ఉంది. డ్యూటీలో ఉన్న అక్క నాకంటే జానెడు పొట్టి. సంచిని పైకెత్తి, మోచేతి మీద ఆనించుకుని, ఇంకో చేత్తో తిప్పాలి. సంచి బరువుకు బీటా కొంచెం కిందికి వంగుతుంది, అంచు ఒకవైపే నొక్కుకుంటుంది. "రోజూ ఇట్లనేనా అక్కా?" అంటే, "ఇట్లగాక ఎట్లనే? ఎత్తు తగ్గిస్తవా?" అంది.

గోడకున్న తలుపు ఎత్తు తగ్గించడం కుదరదు. అందుకే సంచిని మోసే ట్రాలీ గీస్తున్నా, ఎత్తు మార్చుకునేది. కాలితో తొక్కితే లేవాలి, రెండు చేతులూ తిప్పడానికే మిగలాలి. చక్రాల సందుల్లో దుమ్ము ఆగొద్దు, తుడిచే కెమికల్‌కు తుప్పు పట్టొద్దు. ప్రస్తుతం కాలి పెడల్ దగ్గర ఆగింది.