లెక్కకు రాని రోజులు

మలయ్ భాషలో 'రంతౌ' అంటే సొంతూరు కాని చోటు. 'మెరంతౌ' అంటే ఇల్లు వదిలి అలాంటి చోటికి పోవడం. పశ్చిమ సుమత్రాలో మినాంగ్‌కబావ్ అనే జనం ఉన్నారు. వాళ్ళలో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి పోతాయి. ఈడొచ్చిన మగపిల్లలు ఊరు విడిచి నాలుగు డబ్బులో, నాలుగు ముక్కల చదువో సంపాదించుకు రావడం వాళ్ళ ఆచారం. కొందరు తిరిగి వెళ్ళరు. అలా వెళ్ళనివాళ్ళే శతాబ్దాల కిందట ఇప్పటి మలేసియాలోని నెగెరి సెంబిలాన్‌లో స్థిరపడ్డారు. ఇంత బరువున్న మాటని తెచ్చి, 2022 అక్టోబరులో మలేసియా ప్రభుత్వం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చేవాళ్ళకిచ్చే పాసుకి పేరుగా పెట్టింది: డీఈ రంతౌ నొమాడ్ పాస్.

ఆ పాసు మీదే నేనూ, మా ఆవిడా, నాలుగేళ్ళ మా అమ్మాయీ 2024 మార్చి నుంచి ఈపోలో ఉంటున్నాం. ఈపో పెరాక్ రాష్ట్రానికి రాజధాని. చుట్టూ సున్నపురాయి కొండలు, తెల్లటి కాఫీ, మధ్యాహ్నం మూడింటికి టంచనుగా వాన. నా ఉద్యోగం ఇక్కడిది కాదు, జీతం ఇక్కడిది కాదు. మా రంగంలో పనిచేసేవాళ్ళయితే ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపించాలి. అంటే దాదాపు ఇరవై లక్షల రూపాయలు. చూపిస్తే పన్నెండు నెలలు ఉండనిస్తారు. ఆ తర్వాత ఇంకో పన్నెండు నెలల పొడిగింపు. మా రెండో పన్నెండు నెలలూ వచ్చే మార్చిలో అయిపోతాయి. అందుకే ఈమధ్య రాత్రుళ్ళు పుస్తకాల బదులు ఇమిగ్రేషన్ నిబంధనలు చదువుతున్నాను. విమర్శ రాసే అలవాటు ఉన్నవాడికి ఏ వచనమైనా వచనమే కదా, వీటినీ అలాగే చదివాను. నిజం చెప్పాలంటే, ఈమధ్య చదివిన చాలా నవలల కంటే వీటిలో అంతరార్థం ఎక్కువుంది.

మన డయాస్పోరా కథల్లో వీసా అంటే హెచ్-వన్‌బీ. అక్కడి కంపెనీకి మనం కావాలి కాబట్టి రానిచ్చారు, ఆ కంపెనీ వదిలేస్తే గండం. ముప్ఫై ఏళ్ళుగా మనవాళ్ళ కథల్లో సగం ఉత్కంఠ అక్కణ్ణుంచే పుట్టింది. నొమాడ్ వీసా దీనికి సరిగ్గా తలకిందులు. ఇక్కడి కంపెనీల్లో పనిచేయనని ఒప్పుకున్నందుకే రానిస్తారు. నువ్వు ఇక్కడ సంపాదించకూడదు, ఖర్చుపెట్టాలి. ఇందులో మోసమేమీ లేదు, దాపరికం కూడా లేదు. స్థానికుల ఉద్యోగాలకి పోటీ రానివాణ్ణి, అద్దె కట్టేవాణ్ణి, జబ్బుచేస్తే ఆసుపత్రికి తన డబ్బే కట్టుకునేవాణ్ణి ఏ దేశం వద్దంటుంది? ఇక్కడొక బ్యాంకులో ఖాతా తెరవబోతే, కౌంటర్లో అమ్మాయి పాసు అటూ ఇటూ తిప్పి చూసి "మీరు ఇక్కడ పనిచేస్తున్నట్టా, చేయనట్టా?" అని అడిగింది. పాపం, ఆమె ఫారంలో మూడో గడి లేదు.

మార్చి తర్వాత ఏం చేద్దామా అని మూడు దేశాలు చూశాం. జపాన్ 2024లో ఇలాంటి వీసానే మొదలుపెట్టింది. ఏడాదికి కోటి యెన్ల ఆదాయం ఉండాలి, ఉండేది ఆరు నెలలే, పొడిగింపు లేదు. అసలు భారతీయ పాస్‌పోర్టు ఆ జాబితాలోనే లేదు కాబట్టి ఆ చర్చ ఐదు నిమిషాల్లో ముగిసింది. థాయ్‌లాండ్ అదే ఏడాది జులైలో ఇంకో వీసా తెచ్చింది. ఐదు లక్షల బాత్ నిల్వ చూపిస్తే ఐదేళ్ళ వీసా. వినడానికి ఐదేళ్ళు. కానీ ఒక్కో రాకకీ 180 రోజులు. అంటే బ్యాగు సర్దుకుని గడప దాటి మళ్ళీ లోపలికి రావడం. మూడోది పోర్చుగల్. అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం కావాలి. 2025లో కనీస వేతనం నెలకు 870 యూరోలు, కాబట్టి 3,480. ఇంకా ఆ దేశం మొహమే చూడకముందే అక్కడ ఇల్లు ఉన్నట్టు కాగితం చూపించాలి. టూరిస్టు వీసాకి 'తప్పకుండా తిరిగి వెళ్ళిపోతాను' అని రుజువు చేసుకుంటాం. దీనికి 'తప్పకుండా ఉంటాను' అని రుజువు చేసుకోవాలి. మనిషి అతనే, కాగితాల్లో చెప్పే కథ వేరు.

ఇవన్నీ ఎక్సెల్‌లో వేసుకుని చూస్తే ఆదాయం, ఫీజు, వాతావరణం, స్కూలు అన్నీ వరసగా వచ్చాయి. రెండు రాత్రులు అలా చూశాక మా ఆవిడ ఒక గడి కలిపింది: 'రోజులు లెక్కకొస్తాయా?' ఆ గడితో మిగతావన్నీ చిన్నవైపోయాయి. పోర్చుగల్‌లో నివాస అనుమతితో ఐదేళ్ళుంటే శాశ్వత నివాసానికి అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ గడిపిన ప్రతి రోజూ ఎక్కడో ఒక పద్దులో పడుతుంది. మలేసియాలో మా రెండేళ్ళు ఏ పద్దులోనూ పడవు. ఇరవయ్యేళ్ళున్నా అంతే, థాయ్‌లాండ్‌లోనూ అంతే. దీర్ఘకాలిక వీసా అనే మాటలో దీర్ఘం సంగతే అందరూ అడుగుతారు. ఆ కాలం పోగుపడుతుందా, ఇంకిపోతుందా అన్నది ఫారంలో ఎక్కడా రాసి ఉండదు. అమెరికాలో గ్రీన్‌కార్డు వరసలో దశాబ్దాలుగా నిలబడ్డ నా క్లాస్‌మేట్లు నవ్వొచ్చు. కానీ వాళ్ళకి వరస అంటూ ఒకటుంది. అందులో వాళ్ళ తేదీ అంటూ ఒకటుంది.

ఈ ఆలోచనలతో ఉండగానే ఒక ఆదివారం తెలుక్ ఇంతాన్ వెళ్ళాం. ఈపో నుంచి దక్షిణం వైపు గంటన్నర ప్రయాణం. పక్కకి ఒరిగిన గడియార స్తంభం ఉన్న ఊరు. అక్కణ్ణుంచి తీరం వైపు బగాన్ డాతుక్ దాకా కొబ్బరి తోటలు, ఆయిల్ పామ్ తోటలు. మన ఉత్తరాంధ్ర నుంచి వందేళ్ళ కిందట కంగాణీల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా దిగిన ప్రాంతం ఇదే. టీ దుకాణంలో మా అమ్మాయి తెలుగులో పేచీ పెడుతుంటే పక్క బల్ల మీది పెద్దాయన తిరిగి చూశారు. డెబ్భై ఐదు పైబడి ఉంటాయి. ఆయన తెలుగులో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు, మధ్యమధ్య మలయ్ మాటలు.

"ఏ వూరు బాబూ?"

"కాకినాడండి, తాతగారూ."

"పనికొచ్చీసినారా?"

వివరించబోయాను. ఇక్కడ పని కాదు, ఇక్కడ కూర్చుని అక్కడి పని. ఆయన ఓపిగ్గా విని, "మరి నీ కార్డు ఏ రంగు?" అన్నారు.

ఈ ప్రశ్న వెనక చరిత్ర తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మలేసియాలో పౌరులది నీలం కార్డు, పౌరసత్వం లేని శాశ్వత నివాసులది ఎర్ర కార్డు. 1957లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పౌరసత్వానికి అర్జీ పెట్టుకోమన్నారు. తోటల్లో పుట్టినవాళ్ళలో చాలామందికి పుట్టిన కాగితమే లేదు, ఉన్నవాళ్ళకి దాని విలువ చెప్పేవాళ్ళు లేరు. 1968లో ఒక చట్టం వచ్చింది, పౌరులు కానివాళ్ళు పర్మిట్ ఉంటేనే పనిచేయాలని. ఆ దెబ్బకి సుమారు 60 వేల మంది భారతీయులు ఓడలెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఇండియాని చూసి ఉండరు. ఈయన పెదనాన్న కుటుంబం అలాగే వెళ్ళిందట. మొదట్లో రెండు ఉత్తరాలు వచ్చాయట.

"మా యమ్మ ఈ తోటలోనే పుట్టింది, ఈ తోటలోనే పోయింది. కార్డు మాత్రం ఎర్రదే," అన్నారు. ఫిర్యాదులా కాదు, ఇంటి నంబరు చెప్పినట్టు చెప్పారు.

నాకు కార్డంటూ లేదు. పాస్‌పోర్టు, దానికి జతైన పాసు, అంతే. ఆ మాటే చెప్పాను. ఆయన మా అమ్మాయి చేతిలో బిస్కెట్టు పెట్టి, "అయితే నువ్వు సుట్టానివి," అన్నారు.

ఐటీ వాళ్ళం కూడా కూలీలమేనంటూ వాపోయే వ్యాసాలంటే నాకు చిరాకు. ఏసీ గదిలో కూర్చుని కోడ్ రాసే నాకూ, జలగల మధ్య కొబ్బరికాయలు దింపిన ఆ మనుషులకీ పోలిక పెట్టడం వాళ్ళని అవమానించడమే. ఇష్టం లేకపోతే రేపే విమానం ఎక్కగలను. వాళ్ళకి అప్పు తీరేదాకా కదిలే వీల్లేదు. కానీ ఒక్క విషయం మాత్రం పక్కకు నెట్టలేకపోయాను. ఒక మనిషి ఎన్నాళ్ళున్నాడన్నదానికీ, ఆ ఉండటం లెక్కలోకి రావడానికీ సంబంధం ఉండి తీరాలని లేదు. ఆవిడ ఒక జీవితమంతా ఉండి నిరూపించింది. ఇక డబ్బుంటే మాత్రం ఇదే దేశం గడువుని బారెడు కొలిచిస్తుంది. 'మలేసియా మై సెకండ్ హోమ్' అనే పథకంలో 1,50,000 డాలర్లు డిపాజిట్ చేస్తే ఐదేళ్ళు, పది లక్షల డాలర్లు చేస్తే ఇరవయ్యేళ్ళు.

మలయ్‌లో ఇంకో మాట ఉంది, 'బెలుమ్'. ఇంకా లేదు అని అర్థం. పెళ్ళయిందా, పిల్లలున్నారా అంటే ఇక్కడ లేదని చెప్పరు, బెలుమ్ అంటారు. మా అమ్మాయి ప్లేస్కూల్లో నేర్చుకుంది. వీడియో కాల్‌లో మా అమ్మ "ఇంటికెప్పుడొస్తావే?" అంటే "బెలుమ్" అంటుంది. అమ్మకిప్పుడు ఆ మాట అర్థమవుతుంది.

అమ్మకి అరవై ఎనిమిది. కాకినాడలో ఒక్కతే ఉంటుంది. ఈ రెండేళ్ళలో రెండుసార్లు వచ్చి వెళ్ళింది. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి 2024 ఏప్రిల్‌లో నేరుగా విమానం మొదలైంది, నాలుగు గంటలు. మనవాళ్ళకి ముప్ఫై రోజులు వీసా అక్కర్లేదు. పచ్చడి సీసాలతో దిగి, మూడోరోజుకల్లా కింది ఫ్లాట్ చైనా ఆవిడతో సైగలతో స్నేహం కుదుర్చుకుంది. అంటే లెక్కకొచ్చే రోజులు కావాలంటే అమ్మకి దూరం కావాలి. దగ్గరుండే రోజులు కావాలంటే అవి లెక్కలోకి రావు. ఆ గడి ఎక్సెల్‌లో పెట్టడం మా ఇద్దరికీ చేతకాలేదు.

పోర్చుగల్ కాగితాలు మొదలుపెట్టాం. పోలీస్ క్లియరెన్స్‌కి దరఖాస్తు చేశాను, పెళ్ళి సర్టిఫికెట్ అపోస్టిల్‌కి ఇవ్వాలి. మొన్న అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అక్కడికొస్తే తనని ఎన్నాళ్ళుండనిస్తారని అడిగింది. వీసా దొరికితే ఆరునెలల్లో తొంభై రోజులన్నాను.

"ముప్ఫై కంటే నయమేగా," అంది. విమానం ఎన్ని గంటలని మాత్రం అడగలేదు.