పాతబండి నేర్పిన పాఠము

మా వారు ఇటీవల చిత్తూరులో నొక పాత ఎస్‌యూవీని కొనిరి. దాని వివరణపుస్తకము మాకు దొరకలేదు. వాలున దిగు కారుబొమ్మ గల బొత్తామును నొక్కిన దీపము వెలిగెను గాని, దాని ప్రయోజనము బోధపడలేదు.

పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరుపతి చేరి, 1974లో నేర్పడిన రెండవ కనుమదారిని తిరుమల కెక్కి స్వామిని సేవించితిమి. దిగుట 1944 నాటి మొదటి దారిని. మలుపు మలుపునకు మా వారు బ్రేకు త్రొక్కుచుండ, కొంతసేపటికి మాడువాసన వేసెను. పిల్లలు బెదరిరి. వెడల్పైన చోట బండి నాపితిమి.

అచట నిలిచియున్న యొక వృద్ధ డ్రైవరును ఆ బొత్తామును గూర్చి యడిగితిని.

"అది బాగా వాలుండే చోట కొంచెం దూరం మెల్లగా దిగడానికేనమ్మా. అదీ బ్రేకునే పడుతుంది. కొండంతా దిగాలంటే రెండో గేరులో పెట్టండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది" అనెను.

బ్రేకులు చల్లారిన పిదప అట్లే చేయగా, బండి మావటి మాట వినిన యేనుగువలె మెల్లగా అలిపిరి చేరెను.

ఇల్లు చేరి, ప్రతి మీటకును దాని పనిని వ్రాసి, ఆ కాగితమును బండిలో నుంచితిని. పాతవస్తువును కొనునపుడు వెలతోబాటు వాడుకను గూడ అడిగి తెలిసికొనుట మేలు.